సన్న చీమలను పెంచి చూడండి



కోళ్ళను పెంచండి, తేనెటీగలను పెంచండి అని చెప్పే ప్రసంగాలు మీరు చాలా విని ఉంటారు. ఈనాడు చీమలను పెంచమని చెప్పబోతున్నాను. నవ్వుకోకండి. వీటివల్ల గుడ్డు రాదు, తేనె రాదు, సంతకు తీసుకుపోతే పైసా రాదు. అయినా ఒక్క నలభై రోజులు చిన్న గాజు గొట్టంలో చీమల గూడును ఉంచుకొని, రోజుకు పావుగంట సేపు చూచినవారికి మందుల కొట్లో పోసే డబ్బులో కొంత మిగులుతుంది. ఎలా మిగులుతుందో చెప్పడమే ఈ ప్రసంగం ఉద్దేశం.

నూజెండ్ల మండలంలోగాని, వినుకొండ చుట్టుపట్ల గాని మెట్ట రైతు వేసే పైరులు మీకు తెలియనివి కావు. పత్తి, మిరప, కంది. పత్తిమీద పిండినల్లి గాని, మిరపమీద పేనుబంక గాని పడితే చాలాసార్లు ముందుగా కంటబడేది ఆ పురుగు కాదు, చీమల బారు. మొక్క మొదలునుంచి చివరివరకు ఎక్కుతూ దిగుతూ ఉంటుంది. దాన్ని చూచి కొందరు "చీమలే గదా" అని వదిలివేస్తారు. మరికొందరు మొదట్లో చీమల మందు పొడి చల్లి, పని అయిపోయింది అనుకొంటారు. ఇంట్లోనూ ఇదే తంతు. బెల్లం డబ్బాకు చీమలు పట్టినవి, పొడితో గీత గీశాము. నాలుగు రోజులు బారు కనపడదు. ఆ తరువాత ఒక గోడనుంచి వచ్చే బారుకు బదులు రెండు గోడలనుంచి రెండు బారులు బయలుదేరుతాయి.

ఎందుకిలా అవుతుంది? దీనికి జవాబు గోడ పగులులోనో, పుల్ల తొర్రలోనో ఉన్నది. అక్కడికి మన కన్ను పోదు. అందుచేత గూడునే కంటి ముందుకు తెచ్చుకోవలెను.

ఏ చీమను పెంచాలి?

గండుచీమలు వద్దు, కుట్టే ఎర్రచీమలు వద్దు. ఉష్ణదేశాల ఇళ్ళలో తిరిగే సన్న చీమలు చాలు. నువ్వుగింజ కన్న చిన్నవి, పొడవు రెండు మిల్లీమీటర్లకు మించవు. వీటిలో మూడు రకాలను గుర్తుపెట్టుకోండి. ఒళ్ళంతా లేత పసుపుగా ఉండేది ఒకటి. దీన్ని ఫారో చీమ అంటారు. స్వీడను దేశపు లిన్నేయస్ 1758లోనే దీనికి శాస్త్రీయ నామం పెట్టినాడు. తల నల్లగా ఉండి, పొట్టా కాళ్ళూ పాలిపోయి కనపడే చీమ రెండవది. వంకరటింకరగా పరుగెత్తుతుంది, నలిపితే మురిగిన కొబ్బరి వాసన కొడుతుంది. 1793లో ఫాబ్రీషియస్ దీనికి పెట్టిన పేరుకు అర్థమే నల్లతలది అని. మూడవది తలా పొట్టా ముదురు రంగు, నడుము భాగం పసుపు. చెట్ల బెరళ్ళలో, బోలు పుల్లల్లో ఉంటుంది. దీనిని మొదట వర్ణించినవాడు జెర్డన్. ఆయన మన నెల్లూరులో వైద్యుడుగా పనిచేసినవాడు. 1851లో దక్షిణ భారతదేశపు చీమల జాబితా ప్రచురించి, అందులో ఈ చీమను చేర్చినాడు.

ఈ మూడింటికీ ఒక పోలిక ఉన్నది. ఒక గూటిలో ఒక రాణి గాక అనేక రాణులుంటాయి. ముసురు పట్టిన సాయంత్రం రెక్కల చీమలు గుంపులుగా ఎగిరిపోయి కొత్త గూళ్ళు పెట్టడం మీరు చూచిందే. ఈ సన్న చీమలు దానిమీద ఆధారపడవు. కొన్ని కూలిచీమలు పిల్లలను నోట కరచుకొని, ఒకటి రెండు రాణులను వెంటబెట్టుకొని నడిచిపోయి మరోచోట కాపురం పెడతాయి. అన్నదమ్ములు వేరుపడినట్లే అనుకోండి. ఈ సంగతి మనసులో ఉంచుకోండి, మళ్ళీ దీనితో పని ఉన్నది.

పట్టుకోవడం, ఇల్లు కట్టడం

గోడలు తవ్వవద్దు. ఎండిన బొప్పాయి కాడ బోలుగా ఉంటుంది గదా, దాన్ని బెత్తెడు ముక్క కోయండి. ఒక కొసను తడిపిన దూదితో మూసి, రెండవ కొస తెరచి, చీమల బారు పక్కన నీడలో పెట్టండి. దగ్గరలో ఆవగింజంత తేనె, ఉడికిన గుడ్డు పచ్చసొన పొడి కొంచెం ఉంచండి. దూది ఆరకుండా చూస్తూ ఉంటే, చల్లగా తేమగా చీకటిగా ఉన్న ఆ గొట్టం నచ్చి, కొద్ది రోజులలో పిల్లలతో సహా అవే కాపురం మార్చుకొంటాయి. ఒకచోట కుదరకపోతే మరొకచోట పెట్టండి. కూలిచీమకు రెట్టింపు పొడవున్నది గొట్టంలో కనపడితే అది రాణి.

ఇక గాజు ఇల్లు. మందుల కొట్లో దొరికే పరీక్ష గొట్టం, టెస్టు ట్యూబు అంటారే, అది ఒకటి చాలు. మూడోవంతు నీళ్ళు పోసి, నీటిని తాకేటట్లు దూదిని గట్టిగా కుక్కండి. దూది ఇవతలి భాగం ఎప్పుడూ తేమగా ఉంటుంది, చీమల కాపురం అక్కడే. గొట్టంమీద ఎర్రని గాజుకాగితం చుట్టండి. ఎర్ర వెలుతురు చీమ కంటికి సరిగా ఆనదు గనుక అవి చీకటిలో ఉన్నాము అనుకొంటాయి, మీకు మాత్రం లోపల జరిగేది కనపడుతుంది. బొప్పాయి కాడను చీల్చి, ఈ గొట్టం పక్కన వెలుతురులో పెడితే, ఎండిపోతున్న పాత ఇల్లు విడిచి తడిగా ఉన్న కొత్త ఇంటికి తామే నడుస్తాయి. తొందరపడి ఊదవద్దు, దులపవద్దు.

ఇంగ్లండు దేశస్థుడు జాన్ లబక్ రెండు గాజు పలకల మధ్య మన్ను పోసి చీమలను పెంచి, తాను చూచినవన్నీ 1882లో పుస్తకంగా వేసినాడు. 1874లో ఆయన తెచ్చిన ఒక రాణిచీమ 1888 వరకు బ్రతికినది. అది చలిదేశపు పెద్ద చీమ. మన సన్న చీమల రాణి ఏడాది బ్రతికితే గొప్ప. ఒక రాణి పోయినా గూడు పోకపోవడానికి అనేక రాణులు ఉండటమే కారణం.

ఇప్పుడు కాపలా సంగతి. వలగుడ్డ కన్నంలోనుంచి కూడా దూరిపోయే చీమ ఇది. మూతను నమ్మవద్దు, నీటిని నమ్మండి. వంటింటి అలమర కోళ్ళకింద నీళ్ళ గిన్నెలు పెట్టిన పెద్దల ఉపాయమే ఇక్కడా. వెడల్పు పళ్ళెంలో నీళ్ళు పోసి, రెండు చుక్కలు సబ్బునీళ్ళు కలిపి, మధ్యలో గిన్నె బోర్లించి, దానిమీద చిన్న పళ్ళెంలో గొట్టాన్ని ఉంచండి. సబ్బు ఎందుకంటే, ఉత్త నీటిమీద ఇంత తేలిక చీమ తేలి ఈదిపోగలదు. సబ్బు కలిస్తే మునుగుతుంది. నీటిమీద దుమ్ము పేరుకొంటే అదే వారధి అవుతుంది గనుక నీళ్ళు రోజూ మార్చవలెను.

వేడి 27 నుంచి 30 డిగ్రీల మధ్య వీటికి హాయి. మన పల్నాటి ఎండలు, అందునా రెంటచింతల ఎండలు, ఎంత పేరుపడ్డవో మీకు చెప్పనక్కరలేదు. వేసవిలో మంచినీళ్ళ కుండ దగ్గర పెట్టండి. ఎండ సోకిన గాజు గొట్టం నిమిషాలలో పొయ్యి అవుతుంది.

తిండికి పెద్ద ఖర్చు లేదు. ఒకవంతు పంచదారకు పదివంతుల నీళ్ళు కలిపి ఒక చుక్క, చంపిన ఈగ కాలో, పచ్చసొన పొడి చిటికెడో. రెండు రోజులకొకసారి చాలు. మిగిలినది మర్నాడే తీసివేయండి, లేకపోతే బూజు పడుతుంది. మందు కొట్టి చంపిన ఈగను మాత్రం వేయవద్దు, అది గూడంతటికీ విషం. దోమల చుట్ట పొగ దగ్గరకు రానీయవద్దు.

చూడవలసిన మూడు సంగతులు

మొదటిది, కాలం. గొట్టంలో బియ్యపు నూకల్లాంటి తెల్లటి వాటిని చూచి అన్నీ గుడ్లే అనుకొంటాము. అసలు గుడ్డు కంటికి ఆననంత చిన్నది. మనకు కనపడేవి చాలావరకు చీమ పిల్లపురుగులు, కోశస్థ దశలో ఉన్నవి. వాన ముందు చీమలు గుడ్లు మోసుకుపోతున్నాయి అంటామే, అవీ ఎక్కువగా ఇవే. ఫారో చీమలో 27 డిగ్రీల వేడిమిలో గుడ్డు పెట్టిననాటినుంచి కూలిచీమ అయ్యేవరకు సుమారు 38 రోజులు. నలభై రోజులు చూడమని చెప్పినది ఇందుకే. ఈ వేళ మీరు బారుమీద చంపిన చీమల స్థానంలోకి రావలసినవి అప్పటికే లోపల తయారవుతున్నాయి. అదీగాక, ఆహారానికి బయట తిరిగేవి గూటిలో కొద్ది భాగమే. ఎక్కువ భాగం లోపలే ఉంటాయి, రాణులు బయటికి రానేరావు. ఇది గొట్టంలో లెక్కపెట్టి చూసుకోవచ్చును.

రెండవది, పంపకం. పంచదార నీళ్ళలో మిఠాయికి వేసే ఎర్ర రంగు కలిపి ఒక చుక్క పెట్టండి. పొట్ట పాలిపోయిన రకం చీమ అయితే, తాగిన చీమ పొట్ట ఎర్రని పూసలా మెరుస్తుంది. అది లోపలికి పోయి మరో చీమ నోటికి నోరు ఆనించి తాను తాగినదానిలో కొంత ఇస్తుంది. అది ఇంకొకదానికి ఇస్తుంది. కొన్ని గంటలు గడిచేసరికి, గడప దాటని చీమల పొట్టలూ ఎర్రబారుతాయి. పది చీమలు తాగినది పదింటి పొట్టలో ఉండదు, ఊరందరి పొట్టలోకి పోతుంది. పిల్లలకు చూపించండి, సంబరపడతారు. మనకు కావలసిన పాఠం కూడా ఇందులోనే ఉన్నది.

మూడవది, కాపలాదారీ. పేనుబంక పట్టిన మిరప కొమ్మ ఒకటి తెచ్చి, చిన్న సీసా నీళ్ళలో నిలబెట్టి, గొట్టం పక్కన పెట్టండి. చీమలు కొమ్మ ఎక్కి, పేనుబంకను మీసాలతో తట్టి, అది విడిచే తీపి చెమ్మను తాగుతాయి. గేదెను సేపుకు తెచ్చి పాలు పితికినట్లే ఉంటుంది. ఇప్పుడు పొలంనుంచి ఒక అక్షింతల పురుగు పిల్లను తెచ్చి కొమ్మమీద వదలండి. పేనుబంకను తినే మన మిత్రపురుగు అది. చీమలు దాని చుట్టూ చేరి కరచి తరమడానికి చూస్తాయి. పాడిగేదెను ఎవరు పోనిస్తారు? చీమల బారు ఉన్న మొక్కమీద పేనుబంక, పిండినల్లి ఎందుకు తగ్గవో ఇంతకన్న తేటగా ఎవరూ చెప్పలేరు.

ఇంకొక వింత. ఈ బారు నడిచేది వాసన దారిమీద. దారికి అడ్డంగా వేలితో రుద్దండి, చీమలు తడబడతాయి. తిండి ఉన్నవైపు "రండి" అనే వాసన ఉంటుంది. తిండి లేని దారి మొదట "ఇటు వద్దు" అనే గుర్తును కూడా ఫారో చీమలు పెడతాయని ఇంగ్లండులోని షెఫీల్డు విశ్వవిద్యాలయం వారు 2005లో ప్రకటించినారు.

ఇంటికి పనికివచ్చే పాఠం

ఈ మూడూ చూచిన తరువాత చీమల మందు పొడి ఎందుకు పారదో మీరే చెప్పగలరు. పొడి చంపేది బయట తిరిగే నాలుగు చీమలనే. ఘాటు తగిలి గూడు చెదిరితే, కూలిచీమలు పిల్లలను ఎత్తుకొని రెండు మూడు చోట్ల వేరు కాపురాలు పెడతాయి. ఫారో చీమ అయితే రాణి వెంట రాకపోయినా, ఎత్తుకొచ్చిన పిల్లలలోనుంచే కొత్త రాణిని పెంచుకొంటుంది. ఒక బారు రెండు బారులు కావడం ఇదే.

వెనుకటి రోజులలో గమాక్సిన్ పొడి ఇంటింటా చల్లేవారు. ఆ బి.హెచ్.సి. మందును మన ప్రభుత్వం 1997లో నిషేధించినది. అది నేలలోనూ పాలలోనూ ఏళ్ళతరబడి నిలిచే విషం. పాత డబ్బా ఎవరి అటకమీదనైనా ఉంటే వాడవద్దు, నీళ్ళలో పారబోయవద్దు, మీ గ్రామ వ్యవసాయ సహాయకుని అడగండి.

మరి ఏం చేయాలి? చీమల పంపకాన్నే మన పనికి వాడుకోవలెను. వంద మిల్లీలీటర్ల గోరువెచ్చని నీటిలో పది గ్రాముల పంచదార, ఒక్క గ్రాము బోరిక్ పొడి కరిగించండి. దూది ఉండను అందులో తడిపి, సీసా మూతలో పెట్టి, బారు పక్కన ఉంచండి. గ్రాముకు మించి వేయవద్దు. "ఇంకొంచెం వేస్తే త్వరగా చస్తాయి గదా" అనిపిస్తుంది. త్వరగా చస్తే దారిలోనే చస్తాయి, లోపలి రాణికి అందదు. నిదానంగా పనిచేస్తేనే నోటినుంచి నోటికి పోయి గూటి అడుగుకు చేరుతుంది. మొదటి రెండు రోజులు చీమలు ఇంకా ఎక్కువ మూగుతాయి. కంగారుపడి తుడిచివేయకండి. రెండు మూడు వారాలు దూది ఆరకుండా తాజాగా మారుస్తూ ఉండండి. తీపికి రాకపోతే అదే పాళ్ళలో పచ్చసొనలో కలిపి పెట్టండి, గూటిలో పిల్లలు ఎక్కువగా ఉన్నప్పుడు చీమలు మాంసపు తిండినే కోరతాయి. బోరిక్ పొడి పసిపిల్లలకు, పెంపుడు జంతువులకు హాని. అందని చోట పెట్టి, సీసామీద పేరు రాసి, వంటపాత్రలకు తగలనీయకుండా చూచుకోండి. ఆ రోజులలో పొడి మందు గాని, పిచికారీ మందు గాని చీమలమీద వాడవద్దు. రెండూ ఒకేసారి చేస్తే రెండూ చెడతాయి.

పొలానికి పనికివచ్చే పాఠం

పొలంలో ఈ బోరిక్ నీళ్ళు చల్లమని నేను చెప్పడం లేదు. అక్కడ పాఠం వేరు. చీమల బారు మనకు కబురు తెచ్చే మనిషిలాంటిది. 2005 తరువాత మన దేశపు పత్తి పొలాలలో పిండినల్లి విపరీతంగా వ్యాపించినప్పుడు చాలామంది రైతులు చేను తెల్లబడ్డాక గాని మేలుకోలేదు. ఉదయంపూట గట్టుమీద నడుస్తూ ఏ మొక్కకు చీమల బారు ఎక్కుతున్నదో చూడండి. ఎక్కితే ఆ మొక్క ఆకుల అడుగున, కణుపుల దగ్గర విప్పి చూడండి. పది మొక్కలకు పట్టినప్పుడే చూచితే, ఆ కొమ్మలు తుంచి సంచిలో వేసి కాల్చివేయడంతో పోతుంది. గట్లమీది వయ్యారిభామ, తుత్తురుబెండ పిండినల్లికి పుట్టిళ్ళు. పీకివేయండి. ఏనాసియస్ అనే సన్నని కందిరీగ పిండినల్లి ఒంట్లోనే గుడ్డుపెట్టి దాన్ని చంపుతుంది. ఎండి గోధుమరంగుకు తిరిగిన పిండినల్లులు కనపడితే ఆ కందిరీగ వచ్చిందన్నమాట. అప్పుడు చేనంతా మందు కొడితే చచ్చేది ముందుగా మన కందిరీగే. నిమ్మ, మామిడి చెట్లయితే మొదలు చుట్టూ జానెడు వెడల్పు ప్లాస్టిక్ పట్టీ కట్టి, దానిమీద గ్రీజు పూయండి. చీమకూ పిండినల్లికీ నిచ్చెన తీసివేసినట్లవుతుంది.

అలాగని చీమజాతి అంతా శత్రువే అనుకోవద్దు. పొలంలోని చీమలు ఎన్నో పురుగుల గుడ్లను, పిల్లలను తింటాయి. నేలను గుల్ల చేస్తాయి. దక్షిణ చైనాలో కమలాతోటల రైతులు ఆకులు కుట్టి గూడు కట్టే చీమల గూళ్ళను వందల ఏళ్ళుగా తెచ్చి చెట్లకు కట్టి, పురుగులమీదికి ఉసిగొల్పినారు. చేనిలో పుట్టలన్నీ తవ్వి మందు పోస్తే పోయేది శత్రువే కాదు, కూలి అడగని పాలేరు కూడా.

నాలుగు జాగ్రత్తలు

మీ ఊరి చీమనే పెంచండి. పై ఊరినుంచి, పై దేశంనుంచి తెప్పించకండి. దక్షిణ అమెరికాలోని ఎర్ర నిప్పుచీమ 1930ల ప్రాంతంలో అమెరికా రేవులో దిగి, ఈనాటికీ అక్కడి రైతును పీడిస్తున్నది. అంత దూరం ఎందుకు, తమిళనాడు దిండిగల్ జిల్లా కరంతమలై కొండల కింద ఊళ్ళలో 2022లో పసుపురంగు పిచ్చిచీమలు పెరిగిపోయి పశువులను మేపుకోనీయకుండా చేసినవి.

గొట్టాన్ని ఆసుపత్రులకు, బాలింత గదులకు దూరంగా ఉంచండి. ఆసుపత్రులలో ఫారో చీమలు రోగక్రిములను మోస్తాయని ఇంగ్లండు పరిశీలకులు 1972లో తెలియజేసినారు.

బడిలో పెడితే ఉపాధ్యాయుల చేతిలో ఉండాలి. నీళ్ళ పళ్ళెం మార్చే వంతు ఎవరిదో పేరు రాసి గోడకు అంటించాలి.

నలభై రోజులు అయినాక చెట్టుమీద పట్టిన గూడును ఆ చెట్టు దగ్గరే వదలండి. ఇంట్లో పట్టిన గూడును మరొకరి ఇంటికి గాని, ఊరి బయటకు గాని చేర్చవద్దు. వేడినీళ్ళలో వేసి ముగించండి. చూడటానికి తెచ్చుకొన్నదాన్ని పొరుగువాడి బెల్లానికి అంటగట్టడం ధర్మం కాదు.

సోదరులారా, ఒక్కమాట చెప్పి ముగిస్తాను. కనపడిన పురుగునల్లా చంపడం సులభం, అది ఎక్కడనుంచి వచ్చిందో తెలుసుకోవడం కష్టం. మందు కొట్టువాడు మొదటిదానికే సరుకు అమ్ముతాడు. రెండవది ఎవరూ అమ్మరు, మన కన్నుతో మనమే సంపాదించుకోవలెను. దానికి ఒక గాజు గొట్టం, ఇంత దూది, ఒక పళ్ళెం నీళ్ళు, రోజుకు పావుగంట చాలు. ఈ పైరుకాలంలో ఒక్కొక్క ఊళ్ళో ఒక్క ఇంటనైనా ఈ పని జరిగి, చూచినవారు చూడనివారికి చెబితే, వచ్చే పత్తికి చీమల బారు కనపడగానే ఆకు తిప్పి చూచేవారు ఊరికి పదిమంది అవుతారు.

సెలవు.